కావ్యములందలి మంచుసీమ : రెండు ఋతువుల పరీక్ష

మనుచరిత్రమునందలి హిమవద్వర్ణనమును బోధించుచుండగా, కోనసీమవాడగు బాలుడొకడు నన్నొక ప్రశ్న యడిగెను: "అయ్యా, హిమాలయమున నెల్లకాలమును మంచు కురియుచుండునట కదా! అట్లయిన నచటి చెట్లకు పూత నిలుచుటెట్లు?" తక్కిన బాలురు నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ బాలుడు తన తండ్రి మామిడితోటలో ధనుర్మాసపు మంచును జూచినవాడు; పూతమీద మంచు పట్టిన కాపు తగ్గునని పెద్దలు చెప్పగా విన్నవాడు. పూతను బట్టిన పురుగు విడుచు జిగురునకు సయితము మన రైతులు తేనెమంచని పేరిడిరి. కావున నతనికి మంచనగా పూతకు శత్రువు. పద్యమునందలి మంచనగా పర్వతమునకు భూషణము. ఈ రెండును ఒక్క మాటలో నిమిడియున్నవి. బాలుని సందేహము తెలివితక్కువవలన గాక, ఆ మాటవలననే పుట్టినది.

ఈ వ్యాసమున విచారింపదలచినవి రెండంశములు. మంచు నెఱుగని సీమలో బుట్టిన కవి మంచుకొండను వర్ణించుట యెంతవఱకు సఫలమగు ననునది మొదటిది. ఒకచోటి కొకసారి వచ్చిపోవువాడు చూచినదానికిని, అచటనే యుండి యన్ని ఋతువులును గడపువా రెఱిగినదానికిని గల యంతరమును కావ్యము చూపవలెనా యనునది రెండవది. ఇందులకు లక్ష్యములుగా అల్లసాని పెద్దన మనుచరిత్రమును, జపానుదేశీయుడగు యసునారి కవాబతా రచించిన 'యుకిగుని' యను నవలను గైకొంటిని. మొదటిది 16వ శతాబ్దమున శ్రీకృష్ణదేవరాయల యాస్థానమున బుట్టిన ప్రబంధము. రెండవది 1935 మొదలు 1947 వఱకు భాగములుగా వెలువడి, 1948లో తుదిరూపము దాల్చిన గద్యకథ. వీనికి సంబంధమేమని పండితులు శంకింపవచ్చును. రెండింటను దూరపుసీమనుండి యొక పురుషు డద్భుతమగు త్వరతో మంచుకొండను జేరును. అచట నొక స్త్రీని గాంచును. ఆమెను విడిచి పోవును. ఇంతటి సామ్యము పరీక్షింపదగినదే యని నా తలంపు.

ముందుగా మాటను విచారింతము. మన తెలుగున మంచనునది పొగవలె గ్రమ్ము నావిరికిని, తెల్లవాఱునప్పటికి గడ్డిపరకలపై నిలుచు నీటిబొట్టునకును, పర్వతశిఖరములపై నుండు హిమమునకును, గడ్డకట్టిన జలమునకును సాధారణనామము. సంస్కృతమునను స్థితి యించుమించుగ నిట్టిదే. అమరసింహుడు తన నిఘంటువు ప్రథమకాండమున నీహారమును, తుషారమును, తుహినమును, హిమమును, ప్రాలేయమును పర్యాయపదములుగనే చెప్పి, హిమరాశికి మాత్రము హిమాని యని వేఱొక పేరు నొసంగెను. జపానుభాషలో నిట్లు గాదు. యుకి యనిన నింగినుండి రాలి పేరుకొను మంచు. కిరి యనిన పొగమంచు. త్సుయు యనిన ఆకుమీది నీటిబొట్టు. షిమో యనిన నేలపై తెల్లని పొడివలె గట్టునది. కోరి యనిన మంచుగడ్డ. అంతియే కాదు. వారి హైకూ కవితలో ఋతువును సూచించు పదములకు 'కిగో' యని పేరు. ఆ సంప్రదాయము ననుసరించి కిరియు త్సుయుయు శరత్తునకు జెందినవి; యుకియు షిమోయు కోరియు హేమంతశిశిరములకు జెందినవి. ఒక్క మాట పలికినంతనే ఋతువు తెలియును.

దీనిని జూచి మన భాష దరిద్రమైనదని తొందరపడి చెప్పరాదు. నామమున లేని భేదమును మనవారు క్రియయందు నిలిపిరి. మంచు క్రమ్మెను, మంచు పట్టెను అనిన పొగమంచు. మంచు కురిసెను అనిన మన పల్లెలలో నీటిబొట్లుగ దిగునది. మంచు విచ్చెను, విడిచెను అనిన మరల పొగమంచే. మంచు పేరుకొనెను అనిన హిమాని. మంచు గడ్డకట్టెను అనిన ఘనీభవించిన జలము. మంచు కరగెను అనునపుడు మాత్రమే శైలశిఖరము మనసున దోచును. పొగమంచు కరగినదని సాధారణముగా ననము, విచ్చినదందుము. ఈ క్రియాభేదమును గమనింపక యెల్లయెడల 'కురిసెను' అని వ్రాయుటచేతనే చిక్కు వచ్చుచున్నది. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికి శీతకాలమున జనులు గుంపులుగ బోవుదురు. ఆంధ్రకాశ్మీర మని దానికొక పేరు గలిగినది. అచట మంచు కురియుచున్నదని విన్నవారిలో కొందఱు హిమవత్పర్వతమును దలచికొని పోయి, దట్టమగు పొగమంచును, పచ్చికపై చలికి బిగిసిన తెల్లని పొడిని జూచి వత్తురు. ఆ కొండయందు లోపము లేదు, చూడదగినదే. లోపము మనము దానికి వాడిన క్రియయందున్నది.

ఇక కవుల మాట. మహాకావ్యమున శైలవర్ణనమును ఋతువర్ణనమును ఉండవలెనని లాక్షణికులు విధించిరి. కావున మంచు నెన్నడును జూడని కవియు మంచుకొండను వర్ణింపక తప్పలేదు. చూడని వస్తువును వర్ణింపవలసినపుడు పరంపర యాధారమగును. పరంపర మంచునకు ముఖ్యముగా నిచ్చినది ధవళిమ. పాలు, కర్పూరము, కుందము, చంద్రిక, రాజుల కీర్తి, శివుని దేహము, ఐరావతము: ఇవి యన్నియు తెల్లనివి, మంచును తెల్లనిది. ఈ తెల్లదనమును బట్టి యుపమానములు గ్రుచ్చినచో పద్యము నిండును గాని మంచు కనబడదు. కర్పూరమని చదివినను చంద్రికయని చదివినను నొక్కటే యగును.

నిదానించి చూడ మంచునకు నాలుగు ధర్మములు గలవు. తెల్లదనము, చల్లదనము, బరువు, కరుగుట. మొదటిది కంటికి సంబంధించినది, రెండవది యొడలికి, మూడవది యింటికప్పునకును దానిక్రింద నుండువారికిని, నాలుగవది కాలమునకు. మన పద్యములందు మొదటి రెండును విస్తారముగ గానవచ్చును. కడపటి రెండును అరుదు. కవి మంచు నెఱుగునా యని తెలిసికొనుటకు కడపటి రెంటిని జూడవలెను.

కాళిదాసు కుమారసంభవ ప్రథమసర్గమున హిమవంతుని వర్ణించునపుడు తెల్లదనముతో దృప్తిపడలేదు. రాయివలె బిగిసిన మంచుపై నడచు కిన్నరాంగనల కాలివ్రేళ్లును మడమలును నొచ్చుచుండును. అయినను వారు తమ మందగమనమును మానరు. ఏనుగుల జంపిన సింహముల యడుగుజాడల నెత్తురును కరుగు మంచు కడిగివైచును; అయినను కిరాతులు గోళ్లనుండి రాలిన ముత్యముల గుఱుతుచే వాని తెరువు నెఱుగుదురు. ఇచట మంచు పని చేయుచున్నది. నడచువారి పాదములను నొప్పించుచున్నది. వేటకాని యానవాలును జెఱపుచున్నది. తెల్లదనమును గూర్చి మాటయైన లేకయే మంచు మన యెదుట నిలిచినది.

మన రాజమహేంద్రవరపు రెడ్డిరాజుల యాశ్రయమున నుండిన శ్రీనాథుడు హరవిలాసమున నీ కుమారసంభవకథ నాంధ్రీకరించెను. ఆయనయే భీమేశ్వరపురాణమున దాక్షారామమును, దానిచుట్టును గల గోదావరీసీమను వర్ణించెను. హిమగిరిని కాళిదాసు కన్నులతో జూచిన కవి, దాక్షారామమును తన కన్నులతో జూచెను. విద్యార్థులచే నీ రెంటిని బ్రక్కప్రక్కన జదివించిన, విన్నదానికిని కన్నదానికిని గల భేదము ఉపన్యాస మక్కఱలేకయే తెలియును.

పెద్దన విషయ మింతకంటె చిత్రమైనది. ప్రవరుడు హిమగిరిని జేరగానే చెప్పబడిన పద్యము మన పాఠశాలలన్నిట ప్రసిద్ధము. ఆ పద్యమున నున్న వేమి? ఆకాశము నంటు శిఖరములనుండి దూకు సెలయేళ్లు; వాని తరంగధ్వని మృదంగమువలె మ్రోగుట; ఆ మ్రోతకు పురివిప్పి యాడు నెమళ్లు; కొండచఱియలలో దిరుగు ఆడేనుగులు తొండములతో కదలించు చెట్లు. కడపట శైలమునకు 'శీత' మను నొక్క విశేషణము. ఆ ఒక్క పదమును దీసివైచిన నీ పద్యము వానకాలమున పాపికొండలను వర్ణించినట్లే యుండును. మంచుకొండకు మన భాషలో మిక్కిలి పేరుగన్న పద్యమున మంచు లేదు. దీనిని దోషముగ నెన్నుటకు ముందు, కవి మంచు నెచట దాచెనో చూడవలెను.

ప్రవరుడు కొండపై వింతలు చూచుచు తిరిగి మధ్యాహ్నమగుట గమనించును. ఎట్లు గమనించెను? సూర్యకిరణములచే కాగిన సూర్యకాంతశిలలపై మంచునీరు జాఱిపడి చూత్కారధ్వని చేయుచుండెను. ఆ ధ్వని యతనికి ప్రొద్దెంతైనదో తెలిపెను. అపుడతడు, ఈ కొండ మహిమ బ్రహ్మకైనను వర్ణింప శక్యముకాదు, మిగిలిన చోద్యములను రేపు వచ్చి చూచెదను, నేటికి ఇల్లు చేరెదనని తలంచును. ఆ క్షణముననే యతనికి తెలియని వేఱొక సంగతి జరిగియుండెను. సిద్ధు డొసంగిన పాదలేపము మంచు తగిలి కరగిపోయియుండెను. రేపు రాదలచినవాడు నేడు పోలేనివాడయ్యెను.

లేపము కరగుట పెద్దన కల్పనము కాదు. మార్కండేయపురాణమున నున్నదే, మారన తెలిగించినదే. కాని మంచును గడియారముగ జేయుటయు, నదే ప్రొద్దున నదే మంచును దొంగగ జేయుటయు, ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి 'రేపు' అను మాటను నడుమ నుంచుటయు పెద్దన నేర్పు. కావున వర్ణనపద్యమున లేని మంచు కథలో నున్నది. నాలుగు ధర్మములలో కడపటిదగు కరుగుటను బట్టి కథ యంతయు తిరిగినది. మంచు కరగనిచో ప్రవరుడు మధ్యాహ్నమునకే యరుణాస్పదము చేరును, వరూధిని కనబడదు, స్వరోచి పుట్టడు, మనువు లేడు. మంచును జూడకపోయినను, మంచు ఏమి చేయునో యెఱిగిన కవి పెద్దన. నా మొదటి ప్రశ్నకిదియే సమాధానము. చూడని వస్తువును వర్ణించుట దోషము కాదు. దానిచేత పని చేయింపక, రంగు మాత్రము పూసి విడుచుట దోషము.

ఇక రెండవ యంశమునకు జపానుదేశమునకు బోవలెను. శీతకాలమున సైబీరియానుండి వీచు పొడిగాలి జపానుసముద్రమును దాటునపుడు తేమను గ్రహించి, ఎదుట నడ్డముగ నిలిచిన పర్వతములను దాకి, ఆ తేమనంతయు మంచుగ విడుచును. పర్వతముల కావలనున్న టోక్యోసీమకు పొడిగాలి మాత్రము చేరును. ఈశాన్యపుగాలి వంగసముద్రముపై తేమను గైకొని మన తూర్పుతీరమున వాన గురియుట యెట్టిదో యిదియు నట్టిదే. మనకు వాన, వారికి మంచు. పర్వతములకు పడమటనున్న యా సీమకు పూర్వనామము ఎచిగో. నేటి నీగతా రాష్ట్రము. దానినే సామాన్యముగ యుకిగుని యందురు. యుకి యనిన మంచు, కుని యనిన సీమ. సమాసమున కకారము గకార మగును. మన గసడదవాదేశము నెఱిగినవారి కిది కొత్తగ దోపదు.

ఆ సీమలో షియొజవా యను నూర సుజుకి బొకుషి యను వర్తకు డుండెను. ఆయన జీవితకాలము 1770 మొదలు 1842 వఱకు. ఆయన 'హొకుఎత్సు సెప్పు' అను గ్రంథమున తన సీమ మంచును గూర్చి వ్రాసెను. దాని ప్రథమభాగము 1837లో వెలువడినది. మంచు పలుచగ పడు పట్టణములవారు దానిని జూచి విందులు చేసికొని పద్యములు చెప్పుదురు. మా సీమవారికి మంచనగా శ్రమయు దుఃఖమును అని యాయన యభిప్రాయము. కప్పుమీది మంచును దీయుట కచట 'త్రవ్వుట' యని పేరు. మట్టిని త్రవ్వినట్లు త్రవ్వనిచో నిల్లు కూలును. వీధులలో మనిషి యెత్తును మించి మంచు పేరుకొనునపుడు, ఇండ్ల చూరులను ముందునకు బొడిగించి, ఆ చూరులక్రింద నడచిపోవుటకు తోవ నేర్పఱచుకొందురు. మన యరుగులకు ముందున్న చూరు ఎండవానల కడ్డము; వారి చూరు తెరువే యగును. మూడవ ధర్మమగు బరువు ఈ గ్రంథమున నున్నంత స్పష్టముగ నేను వేఱొకచోట చదివియుండలేదు. కవిత్వము చెప్పవలెనని కాక, తన యూరివారి బ్రతుకు తెలుపవలెనని వ్రాసినవాడు గనుకనే యాయనకు మంచు లొంగినది.

బొకుషి గ్రంథమున చిజిమి యను వస్త్రమును గూర్చిన భాగము గలదు. నారతో నేయు సన్ననిబట్ట యది. వేసవిలో గట్టుకొనుటకు మిక్కిలి చల్లనిది. నూలు చేయుట మొదలు చలువ చేయుట వఱకు పని యంతయు మంచుకాలముననే నడచును. తేమ లేనిచో దారము తెగును. తుదకు బట్టను మంచుపై బఱచి యెండకు తెల్లబఱతురు. ఈ నేతను 2009లో యునెస్కో తన వారసత్వపు పట్టికలో జేర్చినది. వేసవిలో నొకరు కట్టు చల్లని బట్ట, శీతకాలమున వేఱొకరు పడిన చలియొక్క ఫలమని గ్రహింపవలెను. ఉప్పాడ నేతగాండ్ర నెఱిగిన మనకు, బట్ట నేయువాడొకడు, కట్టువాడొకడు అనుట వివరింప నక్కఱలేదు.

కవాబతా తన నవలకు ఈ సీమనే గైకొనెను. నవలలో నూరిపేరు చెప్పడు. కాని యది యుజవా యను వేడినీటిబుగ్గల యూరు. ఆయన యచటి సత్రమున బసచేసి రచన సాగించెను. 1931లో దాదాపు 9.7 కిలోమీటర్ల పొడవుగల షిమిజు సొరంగము తెఱవబడుటచే, అంతవఱకు పర్వతములచే వేఱుపడియున్న యా యూరు టోక్యోకు దగ్గఱయైనది. కాళ్లకు పొడవైన పట్టెలు గట్టుకొని మంచుపై జాఱు స్కీ క్రీడకై పట్టణవాసులు వచ్చుట కారంభించిరి. 1911లో నొక ఆస్ట్రియా సేనాధికారి యీ క్రీడను ఎచిగోసీమలోని తకాదా యను నూర సైనికులకు నేర్పెను. 1982లో నతిశీఘ్రగామియగు షింకన్‌సెన్ రైలుమార్గము యుజవాకు వచ్చినది. నేడు శీతకాలమున జాఱుటకును, వేసవిలో కొండ లెక్కుటకును జనులు పోవుచుందురు. మన ప్రవరుని పాదలేప మిపుడు టోక్యోలో చీటి కొన్నవారి కెల్లరకును లభించును.

నవలారంభమున కథానాయకుడు షిమామురా రైలులో సొరంగమును దాటి, రాత్రివేళ తెల్లగనున్న మంచుసీమలో వెలువడును. పాదలేపమువలెనే సొరంగమును ఒక లోకమునుండి వేఱొక లోకమునకు క్షణమున జేర్చినది. ఇతడు పెద్దల యాస్తి ననుభవించు పట్టణవాసి. పాశ్చాత్యనృత్యమును గూర్చి వ్యాసములు వ్రాయును. ఆ నృత్యము నెన్నడును జూడలేదు. చూడకుండుటయే యతనికి సుఖము. పుస్తకములును పటములును చాలును. మన మంచు పద్యములను దలచినపుడు నాకీ పాత్ర గుర్తునకు వచ్చును. చూడని వస్తువును మనసున గల్పించుకొని దానిని ప్రేమించువాడు, ఎదుటనున్న మనిషిని జూడలేడని కవాబతా చూపించెను. ఆ మనిషి కొమాకో యను గాయని.

నవలలో షిమామురా యా యూరికి మూడుసార్లు వచ్చును. మొదటిసారి మేనెలలో, చిగురుటాకులు పచ్చగ నిండిన కాలమున, కొండలలో దిరిగి దిగివచ్చును. రెండవసారి డిసెంబరున, మంచులో. మూడవసారి శరత్తున, పురుగులు గ్రుడ్లుపెట్టి చచ్చు కాలమున. కాని రచయిత కథను రెండవరాకతో నారంభించి, పచ్చని కొండలను స్మరణగ జెప్పెను. పాఠకుడు మొదట మంచును జూచును; పిదప దానిక్రింద నుండిన పచ్చదనము నెఱుగును. ఈ క్రమమున గొప్ప యర్థమున్నది. మంచునే చూచినవాడు అది యా యూరి స్వరూపమనుకొనును. పచ్చదనమును గూడ జూచినపుడు మంచు వచ్చిపోవునదని తెలియును. కొమాకో నివసించు మేడగది పూర్వము పట్టుపురుగులు పెంచిన యటక. ఆమె సమిసెన్ వాద్యమును కొండల నడుమ నొంటరిగ సాధన చేయును. చదివిన కథలను పుస్తకములలో వ్రాసికొనును. ఇవి వినువారు లేని రోజుల పనులు. యాత్రికుడు లేనపుడు ఆమెకు బ్రతు కున్నదని వీనివలన దెలియును. షిమామురా చూచినది మూడు రాకలు. ఆమె గడపినది వాని నడుమనున్న కాలమంతయు.

చిజిమిబట్టను గూర్చి బొకుషి చెప్పినదానిని కవాబతా నవల కడపటిభాగమున వాడుకొనెను. షిమామురా తన వేసవిబట్టలను మంచుపై చలువ చేయుట కాసీమకు బంపుచుండును. చలువ చేయువారి చేతులను మాత్రము చూడడు. ఈ యొక్క సంగతిలో నతని గుణమంతయు నున్నది.

ఇపుడు రెండు కృతులను బ్రక్కన నుంచి చూతము. ప్రవరుడు ధర్మబద్ధుడు, నిత్యాగ్నిహోత్రి, వరూధినిని ద్రోసి, అగ్నిని బ్రార్థించి యిల్లు చేరును. షిమామురా ధర్మాధర్మముల గొడవ లేనివాడు. వచ్చును, పోవును, మరల వచ్చును. ఇద్దఱి నొక్కటిగ జేయుట యన్యాయమని యెవరైన ననవచ్చును. నేనును అట్లు చేయుటలేదు. పెద్దన తన యాత్రికునకు తిరిగి పోవు త్రోవను మంచుచే మూయించెను. కవాబతా తన యాత్రికునకు త్రోవ నెపుడును తెఱచియే యుంచెను. త్రోవ మూతపడినవాడు ధీరుడయ్యెను. తెఱచియున్నవాడు చంచలుడుగనే మిగిలెను. ఇది నీతికి సంబంధించిన భేదము. కావ్యకళకు సంబంధించిన సామ్య మింకొకటి గలదు. ఇద్దఱును పోయినపిదప కావ్యము ఎవరితో నిలిచినది?

మనుచరిత్రము ప్రవరునితో నరుణాస్పదమునకు బోలేదు. కొండపై మిగిలిన వరూధినితో నిలిచినది. ఆమె విరహమును, మాయాప్రవరుడుగ వచ్చిన గంధర్వునిచే నామె మోసపోవుటను, స్వరోచి జననమును చెప్పినది. 'రేపు' వచ్చి చూచెదనన్నవాడు మరల రాలేదు. అతడు చూడనొల్లని రేపంతయు వరూధిని కథయే. కవాబతాయు కొమాకోతోనే కథను ముగించెను. కావున నేను ప్రతిపాదించు పరీక్ష యిది. ఒక స్థలమును వర్ణించు కృతి దానిని రెండు ఋతువులందైన జూపినదా? చూపనిచో, రెండవ ఋతువు నచట గడపువా రెవరో వారినైన మనకు జూపినదా? ఈ రెంటిలో నొకటియు లేని వర్ణన మెంత శబ్దాడంబరముతో గూడినను యాత్రికుని 'రేపు'తోనే యాగిపోవును. మనుచరిత్రము రెండవవిధమున నీ పరీక్షలో నెగ్గినది. యుకిగుని రెండువిధములను నెగ్గినది. ఋతువుల మార్పును చూపుటలో మన ప్రబంధము వెనుకబడినదని యొప్పుకొనుట పెద్దనకు కొఱత గాదు. ప్రవరుని కథాకాల మొక్క దినమే కదా.

ఈ పరీక్ష మనకేల యని యడుగవచ్చును. మన గోదావరి లంకలను జూడుడు. వేసవిలో నది సన్నగిల్లి యిసుకతిన్నెలు తేలును; శీతకాలమున లంకపొగాకు చేలు పచ్చగ నుండును; శ్రావణభాద్రపదములలో నది పొంగినపుడు ఆ చేలమీదనే పడవలు నడచును. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు టానకట్ట కాలువలకు నీరిచ్చినది గాని లంకలకు వరదభయము బాపలేదు. 1986 ఆగస్టు వరదను జూచినవారు నేటికిని మనలో గలరు. ధాన్యము నటక కెక్కించుట, పశువులను గట్టుమీదికి దోలుట, నీరు దిగినపిదప ఒండ్రుమట్టిని గోడలనుండి గీకుట: ఇవి బొకుషి చెప్పిన మంచుత్రవ్వుటవంటి పనులు. ఆయన యూరికి మంచు బరువు. మన లంకలకు నీటిబరువు. కాని మన పాఠశాలలలో పరీక్ష వచ్చినపుడు బాలుని హిమాలయమును వర్ణింపు మందుము, అతడు కర్పూరమును, చంద్రికను వ్రాయును, మంచిమార్కులు పొందును. లంకలో బుట్టిన బాలుడు తన లంకను వేసవి వరదలందు రెండువిధముల వర్ణించినచో, దానిని కవిత్వముగ మన మెంచుచున్నామా?

అనువాదవిషయమున నొక మనవి. ఎడ్వర్డ్ సైడెన్‌స్టికర్ 1956లో నీ నవలను ఇంగ్లీషున బ్రకటించెను. 1968లో కవాబతాకు నోబెల్ బహుమానము వచ్చినది. జపానువారిలో సాహిత్యమున దానిని పొందినవారి కాయన మొదటివాడు. మనవా రింగ్లీషునుండి యీ కథను తెలుగు చేయునపుడు 'హిమదేశము' అనవచ్చును. కాని రాయలసీమ, కోనసీమ, పలనాటిసీమ యను మాటలు గల మనకు 'మంచుసీమ' యను పేరు చక్కగ నమరును. సీమ యనునది పటములోని గీత కాదు; అచటి మట్టి, అచటి పలుకు, అచటి కష్టము కలిసినది. ఇక మంచు క్రమ్ముట, కురియుట, పేరుకొనుట, గడ్డకట్టుట, కరుగుట యను క్రియలను వేర్వేఱుగ వాడినచో మన భాషకు జపానుభాష యెదుట తలవంచుకొన నవసరము రాదు.

ఆ బాలునకు నేనిచ్చిన సమాధానము చెప్పి ముగింతును. "నాయనా, అచటి మంచు కురియునది కాదు, పేరుకొనునది. అది పేరుకొన్నన్నాళ్లు పూత యుండదు. అది కరగినపిదప పూయును. కరగిన నీటిచేతనే పూయును" అంటిని. అతడు కొంతసే పాలోచించి, "అయితే మన లంకకు వరద యెట్టిదో వారికి మంచు నట్టిదా?" యని యడిగెను. నేను పై పుటలలో విస్తరించి చెప్పిన దంతయు నా బాలు డొక్క మాటలో జెప్పివైచెను. ఇందలి గుణదోషములను సుధీజనులు విచారింతురు గాక.